స్టీరింగ్ ఊగుతోందా... ముందు కారణం పట్టుకోండి!

పాత కారు నడిపేవాళ్లకి ఒక అలవాటుంటుంది. బండిలో వచ్చే ప్రతి చప్పుడుకీ ఒక పేరు పెట్టుకుని దాంతో సర్దుకుపోతారు. తలుపు కిర్రుమంటే ‘అది అంతేలే’ అంటారు. అద్దం ఆగి ఆగి దిగితే చేత్తో సాయంపడతారు. ఆ వరసలోనే స్టీరింగ్ చక్రం చేతిలో ఓ పిసరు ఊగినా ‘పాత బండి కదా, ఆ మాత్రం ఉండదా’ అనేస్తారు. అదుగో, అక్కడే ఆగాలి. ఇంజను మొరాయిస్తే కారు ఆగుతుంది. ఏసీ పోతే చెమటలు పడతాయి. స్టీరింగ్ పోతే మాత్రం ఆ తర్వాత జరిగేదేదీ మన చేతిలో ఉండదు. పక్కసీట్లో ఇల్లాలు, వెనకసీట్లో పిల్లలు ఉన్నప్పుడు ‘ఆ మాత్రం’ అన్న మాటకి అర్థం మారిపోతుంది.

అలాగని బెంబేలెత్తాల్సిన పనిలేదు. పాత కార్లలో స్టీరింగ్ ఊగడానికి చాలాసార్లు కారణం డ్యాష్‌బోర్డు కింద వదులైన రెండు మూడు బోల్టులే. పానా పట్టడం తెలిసినవారు ఇంటి ముందే సరిచేసుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, పైకి ఒకేలా కనిపించే ఊపు వెనక నాలుగు వేర్వేరు కారణాలుంటాయి. వాటిలో ఒకటే ఇంట్లో అయ్యే పని. అది ఏదో తేల్చుకున్నాకే పానా తియ్యాలి.

ఫిట్టర్ల ఊళ్లో మూడు సలహాలు

కాగజ్‌నగర్‌నే తీసుకోండి. 1938లో నెలకొల్పిన సిర్పూర్ పేపర్ మిల్లు కొత్తపేట అనే చిన్న పల్లెను పట్టణంగా మార్చింది. ఊరి పేరులోకి కూడా కాగితమే వచ్చి చేరింది. మిల్లును నమ్ముకుని బతికిన ఊరు కాబట్టి ఫిట్టరు, టర్నరు, వెల్డరు పనులు తెలిసిన చేతులకు అక్కడ కొదవలేదు. అలాంటి ఊరికి, పాత కార్లకు 2014 గుర్తుండిపోయే సంవత్సరం. ఆ ఏడాది జనవరిలో మారుతీ 800 తయారీ ఆగింది. మేలో అంబాసిడర్ తయారీ నిలిచిపోయింది. సెప్టెంబరులో మిల్లు మూతపడింది. మిల్లు 2018లో జేకే పేపర్ చేతుల్లోకి వెళ్లి మళ్లీ తెరుచుకుంది కానీ ఆ కార్లు మాత్రం తిరిగి రాలేదు. ఈ రోజు ఎవరింటి ముందైనా మారుతీ 800 కనిపించిందంటే అది పదేళ్లు దాటిన బండే. జీతాలు ఆగిన రోజుల్ని చూసిన ఇళ్లలో ఉన్న కారునే బాగుచేసుకుని ఇంకో నాలుగేళ్లు నడుపుకోవాలనుకోవడం పిసినారితనం కాదు, సంసారపక్షం.

అలాంటి వీధిలో ‘స్టీరింగ్ ఊగుతున్నది’ అంటే చాలు, సాయానికి ముగ్గురొస్తారు అనుకుందాం. ‘ఏం లేదన్నా, బోల్టు లూజైంది. పానా తే, రెండు నిమిషాల పని’ అంటాడొకాయన. ‘అట్ల కాదు తమ్మీ, కింద క్రాస్ అరిగింది’ అంటాడు వయసులో పెద్దాయన. ‘రెండు దెబ్బలు కొడితే అదే కూసుంటది’ అని సుత్తి అందుకుంటాడు మూడో మనిషి. మొదటి మాట చాలాసార్లు నిజం. రెండో మాట కొన్నిసార్లు నిజం. మూడో మాట ఎప్పుడూ వినకూడదు. ఎందుకో చూద్దాం.

చక్రం నుంచి టైరు దాకా

మనం పట్టుకునే చక్రం మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటుంది. అది చక్రాన్ని ఒక ఇనుప కడ్డీకి బిగిస్తుంది. ఆ కడ్డీ ఒక గొట్టంలో తిరుగుతుంది. గొట్టం లోపల కడ్డీ అటూ ఇటూ కొట్టుకోకుండా బుష్ గానీ బేరింగ్ గానీ ఉంటుంది. ఈ గొట్టాన్నీ కడ్డీనీ కలిపి స్టీరింగ్ కాలమ్ అంటారు. దీన్ని ఒక బ్రాకెట్‌తో డ్యాష్‌బోర్డు అడుగున బోల్టులతో బిగిస్తారు. చాలా కార్లలో పైన రెండు, కింద పెడళ్ల దగ్గర రెండు ఉంటాయి. కడ్డీ కింది చివర ఒక కీలు ఉంటుంది. మెకానిక్‌లు క్రాస్ అనేది దాన్నే. దాన్ని కడ్డీకి పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు. అక్కడి నుంచి స్టీరింగ్ ర్యాక్, దాని చివర టై రాడ్లు, ఆ తర్వాత టైర్లు.

అంటే మన చేతికీ టైరుకీ మధ్య ఓ గొలుసులాంటి ఏర్పాటు ఉంది. ఊపు ఏ లంకెలో పుట్టినా మనకు తెలిసేది చక్రం దగ్గరే. అందుకే అంత తికమక!

ఏది ఊగుతోంది? నాలుగు పరీక్షలు

కారును చదునైన చోట పెట్టండి. ఇంజను ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, టైర్లకు ముందూ వెనకా రాళ్లో చెక్కలో అడ్డం పెట్టండి. చక్రాలు తిన్నగా ఉండాలి. స్టీరింగ్ లాక్ పడకుండా తాళంచెవిని తిప్పి ఉంచండి. ఇంట్లో ఇంకొకరిని సాయానికి పిలవండి.

ఒకటి: రెండు చేతులతో చక్రాన్ని పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ కదపండి. చక్రంతోపాటు దాని కింద ఉన్న ప్లాస్టిక్ కవరు, ఇండికేటర్ పుల్ల కూడా కలిసి కదులుతుంటే కాలమ్ మొత్తం ఊగుతోందన్నమాట. డ్యాష్‌బోర్డు కింది బోల్టులు వదులయ్యాయి. లేదంటే బ్రాకెట్ పగిలింది.

రెండు: కవరు నిలకడగా ఉండి, చక్రం మాత్రం అటూ ఇటూ వాలుతుంటే గొట్టంలోపలి బుష్ లేదా బేరింగ్ అరిగింది. ఎన్ని బోల్టులు బిగించినా ఇది పోదు.

మూడు: చక్రాన్ని మీవైపు లాగి, ముందుకు నెట్టండి. చక్రం కడ్డీ మీదే కదులుతున్నట్టు అనిపిస్తే మధ్యలో ఉన్న నట్టు వదులైందని అనుమానించాలి. అలాంటి బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు.

నాలుగు: మీరు చక్రాన్ని మెల్లగా కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పండి. రెండో మనిషి బయట నిలబడి ముందు టైరును చూడాలి. చక్రం తిరుగుతున్నా టైరు కదలకపోతే ఆ మధ్య దూరాన్నే మెకానిక్‌లు ‘ప్లే’ అంటారు. ఇది ఎక్కువగా ఉంటే లోపం క్రాస్‌లోనో, ర్యాక్‌లోనో, టై రాడ్ ఎండ్‌లోనో ఉంది. ఇది ఇంటి ముందు తేలే పని కాదు.

ఈ నాలుగింటిలో మొదటిది మాత్రమే, అదీ బ్రాకెట్ బాగుంటేనే, ఇంట్లో చేసుకోదగ్గది. మిగతా మూడూ మెకానిక్‌వే.

చట్టం ఏమంటుంది?

ప్లే ఎంతవరకు ఉండొచ్చో మన చట్టంలోనే రాసి ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 98వ నిబంధన స్టీరింగ్ గురించే. చక్రం దగ్గర 30 డిగ్రీలకు మించి ప్లే ఉండకూడదని, స్టీరింగ్ బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులుండాలని, బోల్టులూ పిన్నులూ ఊడిపోకుండా లాక్ చేసి ఉండాలని అది చెబుతుంది.

30 డిగ్రీలంటే గడియారంలో 12 నుంచి 1 దాకా. 38 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం అంచు మీద కొలిస్తే ఇంచుమించు 10 సెంటీమీటర్లు. ‘అయితే మాది 5 సెంటీమీటర్లే, ఫర్వాలేదు’ అనుకోకండి. చట్టం చెప్పింది దాటకూడని చివరి గీత. చాలా కార్ల కంపెనీల మాన్యువళ్లు 3 సెంటీమీటర్ల లోపే ఉండాలంటాయి. అది దాటిందంటే మెకానిక్‌కి చూపించే సమయం వచ్చిందనే లెక్క. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలంటే బండిని పరీక్షకు తీసుకెళ్లక తప్పదు. అక్కడ బయటపడే లోపం ఇంటి దగ్గరే బయటపడితే మంచిదే కదా!

బోల్టులు ఎందుకు వదులవుతాయి?

‘కంపెనీ బిగించిన బోల్టు దానంతటదే ఎలా ఊడుతుంది?’ అనే సందేహం సహజం. కారణాలు ఒకటి రెండు కాదు. గుంతల రోడ్ల మీద ఏళ్లతరబడి కుదుపులు ఒకటి. వానాకాలంలో కారులోకి చేరే తేమ వల్ల పట్టే తుప్పు రెండోది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మూడోది... పాత మరమ్మతు. ఎప్పుడో తాళంచెవి సెట్టు మార్చినప్పుడో, వైరింగ్ పని చేయించినప్పుడో కాలమ్ బోల్టులు విప్పి ఉంటారు. తిరిగి బిగించేటప్పుడు ఒక వాషరు కింద పడిపోయి ఉంటుంది. నాలుగు బోల్టుల్లో మూడే పడి ఉంటాయి. దాని ఫలితం ఏడాది తర్వాత బయటపడుతుంది.

నాలుగో కారణం మన అలవాటే. కారు దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు చక్రాన్ని ఊతకర్రలా పట్టుకుని బరువంతా దాని మీద వేస్తాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే మరీనూ. చక్రం పొడవైన కాలమ్ చివర ఉంటుంది కాబట్టి అక్కడ వేసిన బరువు బోల్టుల దగ్గరకొచ్చేసరికి మీటలా ఎన్నోరెట్లు పెరుగుతుంది. బోల్టులు బిగించి ఈ అలవాటు మానకపోతే ఆర్నెల్లకి మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంట్లో బిగించేదిలా...

ముందు ఒక మాట. చక్రం మధ్యలో ఎయిర్‌బ్యాగ్ అని గానీ ఎస్సారెస్ అని గానీ రాసి ఉంటే ఈ పని మీది కాదు. అది పొరపాటున పేలితే మొహానికే తగులుతుంది. అలాగే స్టీరింగ్ పక్కనే గేరు పుల్ల ఉండే పాత అంబాసిడర్, పద్మినీలను ఆ బండ్లు తెలిసిన మెకానిక్‌కే వదిలెయ్యండి. గేరు రాడ్ల అమరిక చెదిరితే ఇంకో తలనొప్పి.

కావాల్సినవి: సాకెట్ పానాల సెట్టు, పొడుగు ఎక్స్‌టెన్షను, స్క్రూడ్రైవర్, టార్చిలైటు, ఇనుప బ్రష్షు, బోల్టు మరలకు రాసే లాక్‌టైట్ లాంటి ద్రవం, ఒక సీసా గోళ్లరంగు. అవును, గోళ్లరంగే. దాని పని చివర్లో చెబుతాను. జాకీ అవసరం లేదు. ఈ పనికి కారు కింద దూరక్కర్లేదు.

బ్యాటరీ నెగెటివ్ తీగ ముందు విప్పండి. డ్రైవరు సీటును బాగా వెనక్కి జరపండి. డ్యాష్‌బోర్డు కింద కవరు ఉంటే తీసెయ్యండి. వెల్లకిలా పడుకుని టార్చి వేసి పైకి చూడండి. కాసేపు ఏదీ ముట్టుకోవద్దు. బోల్టులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఉండాలి, ఎక్కడైనా ఖాళీ రంధ్రం కనిపిస్తోందా, బ్రాకెట్ మీద చీలిక గీత ఉందా... ఇవన్నీ చూడండి. సెల్‌ఫోనుతో ఓ ఫొటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు సాయానికొచ్చినవారిని చక్రం కొద్దిగా కదపమనండి. ఏ బోల్టు దగ్గర సందు తెరుచుకుని మూసుకుంటోందో మీ కళ్లకే కనిపిస్తుంది.

పానా నంబరు సరిగ్గా ఎంచుకోండి. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మారుతీ లాంటి జపాను తరహా కార్లలో తల 12 నంబరు ఉంటుంది. బజారులో దొరికే మామూలు బోల్టుకు 13 ఉంటుంది. 12 తలకు 13 పానా వేస్తే మూలలు అరిగిపోయి, ఆ తర్వాత ఏ పానాకీ లొంగదు.

అన్ని బోల్టులూ ఒకేసారి విప్పకండి. ఒకటి విప్పి, మరలు బ్రష్షుతో శుభ్రం చేసి, ఒక్క చుక్క ద్రవం వేసి, వాషరుతో సహా మళ్లీ పెట్టండి. మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పాలి. తేలిగ్గా తిరిగితే సరిగ్గా పడ్డట్టు. మొరాయిస్తే అడ్డంగా పడుతోందని అర్థం, వెనక్కి తియ్యండి. దాని తర్వాతే రెండోది. అన్నీ పెట్టాక ఒకటి విడిచి ఒకటి చొప్పున కొంచెం కొంచెం బిగించుకురండి. ఈ బోల్టులకు గ్రీజు, నూనె పూయకూడదు.

ఎంత గట్టిగా బిగించాలి? మీ కారు మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో రాసి ఉంటుంది. టార్క్ పానా ఉన్నవారిని అడిగి తెచ్చుకుంటే సరి. ఉదాహరణకు 25 న్యూటన్ మీటర్లంటే, 25 సెంటీమీటర్ల పానా చివర సుమారు 10 కిలోల బరువు పెట్టినంత. చూశారా, మనం అనుకునేదానికన్నా తక్కువే! పానాకు గొట్టం తొడిగి వేలాడితే మరలు తెగిపోతాయి.

బోల్టు ఒకటి లేకపోతే డబ్బాలో దొరికింది పెట్టేయడం మనకు అలవాటు. తలుపు గొళ్లేనికైతే చెల్లుతుంది, స్టీరింగ్‌కి చెల్లదు. బోల్టు తల మీద 8.8 అనే అంకె చూసి కొనండి. అంత పొడవు, అంతే మందం, అవే మరలు ఉండాలి. మొదటి 8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుందని అర్థం. నైలాన్ రింగు ఉన్న నట్టయితే పాతది పారేసి కొత్తది వెయ్యండి.

చివరగా కింద క్రాస్ దగ్గరున్న ఒంటరి బోల్టును టార్చి వేసి చూడండి. అది కడ్డీ మీదున్న గాడిలోంచి వెళ్లాలి. అప్పుడే ఒకవేళ వదులైనా కడ్డీ జారిపోకుండా ఆపుతుంది. అది కదులుతున్నా, గాడిలో లేదనిపించినా బండి కదిలించకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.

సుత్తి ఎందుకు వద్దంటే...

వెనకటి కార్లలో స్టీరింగ్ కాలమ్ తిన్నటి గట్టి కడ్డీ. ఎదురుగా దేన్నైనా గుద్దుకుంటే అది ఈటెలా డ్రైవరు ఛాతీలోకి దూసుకొచ్చేది. అందుకే గుద్దుకున్నప్పుడు ముడుచుకుపోయే కాలమ్ కనిపెట్టారు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1967 మోడల్ కార్లలో దాన్ని అమర్చింది. 1968 నుంచి అక్కడ కొత్త కార్లలో స్టీరింగ్ డ్రైవరును గాయపరచకుండా ఉండాలన్నది నిబంధన అయింది. తర్వాత ప్రపంచమంతా పాకింది.

ఇలాంటి కాలమ్‌లలో చాలావాటిలో చిన్న ప్లాస్టిక్ పిన్నులుంటాయి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు అవి తెగి, కాలమ్ ముడుచుకోవడానికి దారిస్తాయి. మనం ‘కూసోబెడదామని’ సుత్తితో కొడితే ఆ పిన్నులు ఇంటి ముందే తెగిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. కానీ ఊపు పెరుగుతుంది, ప్రమాద సమయంలో కాపాడాల్సింది కాపాడదు. వెల్డింగ్ సంగతీ అంతే. పగిలిన బ్రాకెట్‌కి అతుకు వేస్తే ఆ వేడికి పక్కనున్న బుష్, వైర్లు, ఆ పిన్నులు అన్నీ దెబ్బతింటాయి. మీ కారులో ఏ రకం కాలమ్ ఉందో తెలియకపోతే ముడుచుకునే రకమే అనుకోండి. నష్టమేమీ లేదు.

ఇక్కడ ఆగిపోండి

మరలు జారిపోయి బోల్టు ఊరికే తిరుగుతున్నా, బ్రాకెట్ మీద చీలిక కనిపించినా, బిగించాక కూడా ఊపు తగ్గకపోయినా, చక్రం తిప్పుతుంటే ‘కటక్’ మని చప్పుడు వస్తున్నా పని ఆపెయ్యండి. ‘ఇంత చేశాం, ఇంకాస్త చూద్దాం’ అనిపిస్తుంది. చేతిలో పనితనం ఉన్నవాళ్లకే ఆ శోధన ఎక్కువ. మిల్లులో ఎన్ని యంత్రాలు విప్పి బిగించిన చెయ్యయినా సరే, అక్కడ యంత్రం చెడితే ఉత్పత్తి ఆగుతుంది. ఇక్కడ మంచిర్యాల - చంద్రాపూర్ రహదారి మీద ఎదురుగా బొగ్గు లారీ వస్తుంటుంది. ఆపాల్సిన చోట ఆపడం కూడా పనితనమే.

గోళ్లరంగు గీత

అంతా సవ్యంగా కుదిరిందా? ఇప్పుడు గోళ్లరంగు తీయండి. ప్రతి బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి ఒక సన్నటి గీత గీయండి. బోల్టు ఏమాత్రం తిరిగినా ఆ గీత విరుగుతుంది. పానా పెట్టి చూడక్కర్లేదు, టార్చి వేస్తే చాలు.

బ్యాటరీ తీగ బిగించండి. చక్రాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పండి. ఎక్కడా పట్టెయ్యకూడదు. హారను, ఇండికేటర్లు, స్టీరింగ్ లాక్ పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఏ వైరూ నలగలేదని నిర్ధారించుకోండి. తర్వాత ఇంట్లోవాళ్లెవరినీ ఎక్కించుకోకుండా ఖాళీ వీధిలో మెల్లగా ఒక చుట్టు తిరగండి. వంద కిలోమీటర్లు తిరిగాక గీతలు ఒకసారి చూడండి. ఆ తర్వాత నెలకో ఆదివారం చాలు. టార్చి పట్టుకునే పని పిల్లలకి అప్పగించండి, సరదాగా చేస్తారు. గీత ఒకసారి విరిగితే బిగించుకోవచ్చు. రెండోసారీ విరిగితే లోపం బోల్టులో లేదని అర్థం, మెకానిక్ దగ్గరకు వెళ్లాల్సిందే.

ఇక పెద్దవాళ్లు కారు దిగేటప్పుడు స్టీరింగ్ పట్టుకోకుండా మీరే చెయ్యి అందించండి. కారుకూ మంచిది, వాళ్లకూ మంచిది.